వెనక గరాజ్‌కు కరెంటు లాగే ముందు

ఎండాకాలం రాగానే అమెరికాలో ఇళ్లున్న మనవాళ్లు చాలామంది పెరట్లో విడిగా గరాజో షెడ్డో కట్టించి, దానికి ఇంటి నుంచి కరెంటు లాగే పని పెట్టుకుంటారు. గొయ్యి తవ్వే ముందే చదువుతారని ఇది రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో తప్పు జరిగినా లైట్లు మామూలుగానే వెలుగుతాయి. తప్పు ఉందని షాక్ కొట్టిన రోజే తెలుస్తుంది.

ఈ పనికి ఆధారం ఎన్‌ఈసీ, అంటే నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్. మూడేళ్లకోసారి కొత్త ఎడిషన్ వస్తుంది, కానీ అన్ని రాష్ట్రాలూ ఒకే ఎడిషన్ వాడవు. మీ ఊళ్లో ఏది అమల్లో ఉందో పర్మిట్ ఆఫీసులో ముందే అడగండి.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. ఇంటి ప్యానెల్ (బ్రేకర్లుండే డబ్బా) నుంచి గరాజ్ ప్యానెల్‌కు వెళ్లే పెద్ద లైనును ఫీడర్ అంటారు. ఇంటి ప్యానెల్‌లో ఉండే ఫీడర్ బ్రేకర్ ఆ వైరును కాపాడుతుంది. గరాజ్ దగ్గర ఉండే డిస్‌కనెక్ట్, అంటే అక్కడి కరెంటు మొత్తం ఆపే స్విచ్, మనిషిని కాపాడుతుంది. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే చాలా పొరపాట్లు జరుగుతాయి. "ఇంట్లో బ్రేకర్ ఉందిగా, అక్కడ మళ్లీ ఎందుకు?" అని అడుగుతారు. గరాజ్‌లో రంపం ఆగకుండా తిరుగుతుంటే, ప్లగ్ నుంచి పొగ వస్తుంటే, పెరడు దాటి ఇంట్లోకి వెళ్లి బ్రేకర్ వెతికే టైమ్ ఉండదు. అందుకే ఆ భవనం కరెంటు మొత్తం అక్కడే ఆపేసే ఏర్పాటు ఉండాలని కోడ్ అంటుంది. వైర్లు లోపలికి వచ్చే చోటికి దగ్గరలో, లోపలైనా బయటైనా, సులువుగా చేయి అందేలా అది ఉండాలి. ప్యానెల్ ముందు మూడడుగుల లోతు, 30 అంగుళాల వెడల్పు ఖాళీ వదలాలి. గరాజ్ అంటేనే అట్టపెట్టెలు చేరే చోటు కాబట్టి, ఆ జాగా నేల మీద గీత గీసి ఉంచుకోండి.

బ్రేకర్ సంగతికొస్తే, వైరు ఎక్కడ మొదలవుతుందో అక్కడే దానికి రక్షణ ఉండాలి. 60 ఆంపియర్ల ఫీడర్ అయితే ఇంటి ప్యానెల్‌లో 60 బ్రేకర్, దానికి సరిపడే వైరు. గరాజ్ కోసం కొన్న ప్యానెల్‌లో 100 మెయిన్ బ్రేకర్ వచ్చిందని చాలామంది టెన్షన్ పడతారు. అక్కర్లేదు. అక్కడ అది స్విచ్‌గా మాత్రమే పనిచేస్తుంది, వైరును కాచేది ఇంట్లోని 60. భయపడాల్సింది దీనికి తిరగేసి చేసినప్పుడే. 60కి సరిపోయే వైరు వేసి, బ్రేకర్ పదేపదే ట్రిప్ అవుతోందని ఇంటి దగ్గర 100 పెడితే, ఆ వైరు మట్టిలో కాలిపోతున్నా బ్రేకర్ పడదు.

ఒక లైటు, రెండు ప్లగ్‌లు ఉండే షెడ్డుకు ఇంత హంగామా వద్దు. ఒకే సర్క్యూట్ వెళ్తే డిస్‌కనెక్ట్ 15 ఆంపియర్లది చాలు, ఇళ్ల గరాజ్‌లకూ షెడ్లకూ మామూలు గోడ స్విచ్చే ఆ పని చేయొచ్చు. ఫీడర్ వెళ్లి అక్కడ రెండు సర్క్యూట్లుగా చీలితే 30, అంతకు మించితే 60 కనీసం. అమ్మానాన్నల కోసం పెరట్లో విడిగా చిన్న ఇల్లే కట్టిస్తుంటే 100. 2023 ఎడిషన్ అమల్లో ఉన్నచోట అలాంటి ఇంటికి బయటి నుంచి ఆపేలా ఎమర్జెన్సీ డిస్‌కనెక్ట్ కూడా కావాలి.

కొన్ని మినహాయింపులు ఉన్నా, ఒక భవనానికి ఒకే ఫీడర్ లేదా ఒకే సర్క్యూట్ వెళ్లాలన్నది నియమం. ఏడాది తర్వాత ఈవీ చార్జర్ కోసం ఇంటి నుంచి ఇంకో లైను లాగితే, ఒక స్విచ్ ఆపి అంతా ఆగిందనుకున్న మనిషి రెండో లైను మీద చేయి పెడతాడు. 48 ఆంపియర్ల చార్జర్ ఒక్కటే 60 ఆంపియర్ల సర్క్యూట్‌ను మింగేస్తుంది. కాబట్టి ఆ ఆలోచన ఉంటే ఫీడర్ సైజు ఇప్పుడే పెంచండి.

ఇక నాకు అన్నిటికన్నా భయం వేసేది న్యూట్రల్, గ్రౌండ్ వ్యవహారం. 2008 ఎడిషన్ నుంచి కొత్తగా వేసే ఫీడర్‌లో నాలుగు వైర్లు ఉండాలి: రెండు హాట్ (కరెంటు తెచ్చేవి), ఒక న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లేది), ఒక గ్రౌండ్ (లోపం వచ్చినప్పుడే పనిచేసే రక్షణ వైరు). గరాజ్ ప్యానెల్‌లో న్యూట్రల్, గ్రౌండ్ ఎక్కడా కలవకూడదు. కొత్త ప్యానెల్‌తో ఒక ఆకుపచ్చ స్క్రూ గానీ పట్టీ గానీ వస్తుంది. న్యూట్రల్ బార్‌ను, అంటే న్యూట్రల్ వైర్లు బిగించే లోహపు కడ్డీని, డబ్బాకు కలిపేది అదే, ఇక్కడ దాన్ని బిగించకూడదు. గ్రౌండ్ వైర్లకు వేరే బార్ కొని డబ్బాకు బిగించాలి. రెండూ కలిస్తే తిరిగి వెళ్లే కరెంటు గ్రౌండ్ వైరులోనూ, ప్యానెల్ డబ్బా లాంటి లోహంలోనూ పారుతుంది. ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే ఆ కరెంటంతా గ్రౌండ్ మీదే వెళ్తుంది.

"గ్రౌండ్ రాడ్ పాతాం కదా, ఫీడర్‌లో గ్రౌండ్ వైరు ఎందుకు?" అన్న మాట కూడా వింటుంటాను. రాడ్ ముఖ్యంగా పిడుగుల కోసం. రాడ్‌కీ నేలకీ మధ్య నిరోధం 25 ఓమ్‌లు అనుకుంటే, 120 వోల్టుల హాట్ వైరు డబ్బాకు తగిలినప్పుడు రాడ్ గుండా పారేది 4.8 ఆంపియర్లు. దానికి 15 ఆంపియర్ల బ్రేకర్ కూడా పడదు, లోహం మాత్రం కరెంటుతో అలాగే ఉంటుంది. బ్రేకర్‌ను పడేసేది ఇంటి ప్యానెల్ దాకా వెళ్లే గ్రౌండ్ వైరే. ఫీడర్ వెళ్లే గరాజ్‌కు రాడ్ కూడా కావాలి, కానీ వైరుకు బదులుగా కాదు. గ్రౌండ్ వైరుతో కలిపి ఒకే సర్క్యూట్ వెళ్తే రాడ్ అక్కర్లేదు.

తవ్వడానికి కొన్ని రోజుల ముందు 811కు ఫోన్ చేయండి, ఉచితంగా వచ్చి భూమిలో లైన్లు గుర్తు పెడతారు. స్ప్రింక్లర్ పైపులు, మీరు సొంతంగా వేయించుకున్న గ్యాస్ లైన్ లాంటివి వాళ్లు గుర్తించరు. మామూలుగా నేరుగా పాతే కేబుల్‌కు 24 అంగుళాల లోతు, పీవీసీ పైపుకు 18. భూమిలో పైపు లోపలి భాగాన్ని తడి చోటుగానే లెక్కిస్తారు, ఇంట్లో గోడల్లో వాడే కేబుల్ అందులో వేయకూడదు. ఇన్‌స్పెక్టర్ చూసేదాకా గొయ్యి పూడ్చవద్దు.

గొయ్యి, పైపు మీరే చేసుకున్నా, ఇంటి ప్యానెల్‌లో ఫీడర్ కలిపే పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. ప్యానెల్‌లోని మెయిన్ బ్రేకర్ ఆపినా, మీటర్ నుంచి ఆ బ్రేకర్ దాకా వచ్చే లావు వైర్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది.