సముద్రంలోకి దిగుదాం – రెండో పాఠం: చెవులు, ఊపిరి

స్కూబా డైవింగ్ అంటే వీపున గాలి సిలిండరు కట్టుకుని నీళ్లలోపల ఊపిరి పీలుస్తూ తిరగడం. పోయిన పాఠంలో ఆ సిలిండరు, దాన్నుంచి నోటికి గాలి అందించే రెగ్యులేటరు, గాలి నింపుకునే జాకెట్ ఎలా పనిచేస్తాయో చూశాం. మెడికల్ ఫారంలో దేనికీ అబద్ధం రాయొద్దని కూడా చెప్పుకున్నాం. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ లాంటివి ఉన్నవాళ్లు డాక్టర్ సరేనన్నాకే నీళ్ల సంగతి ఆలోచించాలి.

విశాఖ దగ్గరి రుషికొండకో మంగమారిపేటకో మొదటి డైవ్‌కి వెళ్లేవాళ్లు షార్కుల గురించి అడుగుతారు. తీరా దిగాక ఇబ్బంది పెట్టేది చెవి. ట్రయల్ డైవ్‌లో, అంటే శిక్షణ లేనివాళ్లు రుచి చూడ్డానికి చేసే డైవ్‌లో, ఇన్‌స్ట్రక్టర్ మీ సిలిండరు పట్టుకుని మిమ్మల్ని తిప్పుతాడు, జాకెట్‌లో గాలి కూడా ఆయనే చూసుకుంటాడు. మీ చెవులు మాత్రం మీరే సర్దుకోవాలి.

అరకు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చెవులు దిబ్బళ్లు వేస్తాయి కదా? విశాఖ తీరం నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకు చేరేసరికి గాలి ఒత్తిడి పదో వంతు దాకా తగ్గుతుంది. సముద్రంలో అంత తేడా రావడానికి ఒక్క మీటరు లోతు చాలు. ఘాట్ మీద గంటల్లో జరిగేది నీళ్లలో సెకన్లలో జరిగిపోతుంది.

10 మీటర్ల లోతుకి ఒత్తిడి రెండింతలు, 20 మీటర్లకి మూడింతలు. పైన లీటరున్న గాలి 10 మీటర్ల దగ్గర అర లీటరవుతుంది, 20 దగ్గర లీటరులో మూడో వంతు. అంటే మొదటి 10 మీటర్లలోనే సగానికి సగం కుదించుకుపోతుంది, తర్వాతి 10 మీటర్లలో అంత మార్పు ఉండదు. లోతు పెరిగేకొద్దీ చెవికి కష్టం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గడ్డు భాగమంతా మొదట్లోనే.

కర్ణభేరి వెనక చిన్న గాలి గది ఉంది. దాన్నుంచి గొంతు వెనక్కి ఒక సన్నటి గొట్టం వెళ్తుంది. ఆ గొట్టం మామూలుగా మూసుకునే ఉంటుంది. గుటక వేసినప్పుడో, ఆవులించినప్పుడో క్షణం తెరుచుకుంటుంది. కిందికి దిగుతున్నప్పుడు లోపలి గాలి కుదించుకుని కర్ణభేరి లోపలికి లాక్కుపోతుంది. గొట్టం తెరిచి కొంచెం గాలి పంపితే సర్దుకుంటుంది. ఆలస్యం చేస్తే ఒత్తిడికి గొట్టం చివర అతుక్కుపోతుంది, ఇక ఎంత ఊదినా తెరుచుకోదు. అందుకే నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. తల నీళ్లలో మునగకముందే ఒకసారి, తర్వాత ప్రతి అర మీటరుకీ, మీటరుకీ ఒకసారి సర్దుకుంటూ దిగాలి.

ఎలా? ముక్కు రెండు వేళ్లతో మూసి, నోరు మూసి, మెల్లగా ముక్కులోకి ఊదండి. రెండు చెవుల్లోనూ చిన్న టక్కుమన్న శబ్దం రావాలి. దీన్ని వల్సాల్వా పద్ధతి అంటారు. ముక్కు మూసుకుని గుటక వేసినా కొందరికి తెరుచుకుంటుంది. నాకైతే గుటకే మంచిదనిపిస్తుంది, బలం ఉపయోగించే ప్రమాదం ఉండదు. గట్టిగా ఊదితే లోపలి చెవి దెబ్బతినొచ్చు. తెరుచుకోకపోతే అరచేతిని అటూ ఇటూ ఊపి ‘ఇబ్బంది’ అని సైగ చేసి, చెవి చూపించి, ఒక మీటరు పైకి వెళ్లి మళ్లీ ప్రయత్నించండి. బొటనవేలు పైకి చూపిస్తే బాగుందని కాదు, ‘పైకి వెళ్దాం’ అని అర్థం. ఫొటో కోసం బొటనవేలు ఎత్తితే డైవ్ అక్కడితో ఆగిపోవచ్చు!

తలకిందులుగా కాకుండా కాళ్లు కిందికి పెట్టి దిగితే చెవులు తేలిగ్గా సర్దుకుంటాయి. రొంప పట్టినప్పుడు అసలు దిగొద్దు. మాత్ర వేసుకుని దిగితే, లోపల ఉండగానే దాని పని అయిపోయి, పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి పోయే దారి మూసుకుపోవచ్చు. డబ్బు కట్టేశామని ఎవరూ మొహమాటపడకండి.

మాస్కులోనూ గాలి ఉంటుంది, అదీ కుదించుకుంటుంది. దిగుతూ ముక్కుతో కొంచెం మాస్కులోకి ఊదాలి. ముక్కు బయట ఉండే ఈత కళ్లద్దాలు ఇక్కడ పనికిరానిది అందుకే. మాస్కు సరిపోయిందో లేదో చూడ్డానికి పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి, అతుక్కుని నిలవాలి. ఒత్తుగా మీసాలున్నవాళ్లకి నీళ్లు కారతాయి. ముక్కు కింద కాస్త కత్తిరించుకుంటే చాలు, పూర్తిగా తీసేయక్కర్లేదు.

ఇక ఊపిరి. నియమం ఒక్కటే: బిగబట్టకూడదు. నూతిలోనో చెరువులోనో ఈత నేర్చినవాళ్లకి ఈ అలవాటు మానడం ఈత రానివాళ్లకంటే కష్టం. వాళ్లు గట్టుమీద పీల్చిన గాలితో మునుగుతారు, పైకి వస్తే అది పాత పరిమాణానికే చేరుతుంది. స్కూబాలో మీరు లోతులో, ఆ ఒత్తిడిలో పీల్చారు. 10 మీటర్ల దగ్గర నిండా పీల్చి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తుల్లో గాలి రెండింతలవ్వాలని చూస్తుంది. అవి చిరిగిపోతాయి. ఈ ప్రమాదానికి పెద్ద లోతు అక్కర్లేదు, ఒకటి రెండు మీటర్లు పైకి లేచినా జరగొచ్చు, స్విమ్మింగ్ పూల్‌లో కూడా. రెగ్యులేటరు నోట్లోంచి జారితే టెన్షన్ పడకుండా, చిన్న బుడగలు వదులుతూనే వెతుక్కోవాలి.

నెమ్మదిగా పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలండి. 10 మీటర్ల దగ్గర ప్రతి ఊపిరికీ సిలిండరులోంచి పైన కంటే రెండింతలు గాలి ఖర్చవుతుంది, కంగారుపడితే ఇంకా ఎక్కువ. పైకి వచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్లకి మించని వేగం పాటించండి.

బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి ఒక మాట. పొద్దున రుషికొండలో డైవ్, మధ్యాహ్నం అరకు అని ప్లాన్ వేసుకోకండి. డైవ్ చేశాక ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి, ఒత్తిడి తగ్గే చోటికి వెంటనే వెళ్తే అది బుడగలు కట్టొచ్చు. విమానానికి ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు ఆగాలని డైవర్ల నియమం. అరకు ఎత్తుకీ అదే పాటించడం మంచిది, కారులో వెళ్లినా కిరండూల్ రైల్లో వెళ్లినా. ముందు అరకు చూసి, తర్వాత సముద్రానికి రండి.

వచ్చే పాఠం దాకా చేయాల్సింది: అద్దం ముందు కూర్చుని, ముక్కు మూసి గుటక వేసి ఏ చెవి ముందు తెరుచుకుంటుందో గమనించండి. చాలామందికి ఒకటి మొండికేస్తుంది. దిగేటప్పుడు మీ వేగాన్ని ఆ మొండి చెవే నిర్ణయించాలి. వచ్చే పాఠంలో పూల్‌లో మాస్కులోకి నీళ్లు నింపుకుని మళ్లీ ఖాళీ చేయడం నేర్చుకుందాం.