నవల రాద్దాం రండి – 4వ పాఠం: సంభాషణ

పోయిన పాఠంలో మీ పాత్రలిద్దరికీ చెరో కోరిక ఇచ్చి ఉంచమన్నాను. ఇచ్చారుగా? ఇప్పుడు వాళ్ళిద్దరినీ మాట్లాడిద్దాం, కాకపోతే ఆ కోరిక మాత్రం వాళ్ళ నోటివెంట రాకూడదు.

నా ఇద్దరూ ఎవరంటే, అన్న శీను, చెల్లెలు రమణ. తండ్రి సంవత్సరీకం అయిపోయింది, చుట్టాలు వెళ్ళిపోయారు. ఇల్లు అమ్మే కాగితాల మీద అన్నకి చెల్లెలి సంతకం కావాలి. చెల్లెలికి వాటా మీద ఆశేం లేదు, అమ్ముదామా అని ముందే తననో మాట అడిగి ఉంటే చాలు. కొత్తగా రాసేవాళ్ళు చాలామంది దీన్ని ఇలా రాస్తారు:

“రమణా, ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నా, నీ సంతకం కావాలి.”

“నన్ను ఒక్క మాటైనా అడగలేదు అన్నయ్యా, చాలా బాధగా ఉంది.”

విషయం అంతా చెప్పేశారు, చదివేవాళ్ళు ఊహించుకోడానికి ఏమీ మిగల్లేదు. ఇప్పుడిది చూడండి:

“అన్నయ్యా, గుండిగ కనబడదేం?”

“ఏ గుండిగ?”

“అమ్మ నీళ్ళు కాచేది.”

“గీజరు పెట్టించాక దాంతో పనేముందే? పాతసామాన్లవాడొస్తే మీ వదిన ఇచ్చేసింది. రెండు వేలో ఎంతో వచ్చినట్టుంది. కావాలంటే అవి నీకే ఇస్తాలే.”

రమణ బ్యాగు జిప్పు లాగింది. “నాలుగింటికి బస్సుంది.”

“ఉండవే, లాయరు మూడింటికల్లా వస్తానన్నాడు.”

ఇంటి ఊసు లేదు, బాధ ఊసు లేదు. అడక్కుండా ఇచ్చేయడం, అడిగితే డబ్బు లెక్క చెప్పడం, గుండిగకి జరిగిందే రేపు ఇంటికీ జరగబోతోందని చదివేవాళ్ళకి అర్థమైపోతుంది. అలాగని శీను చెడ్డవాడు కాదు, “నీకే ఇస్తాలే” అన్నప్పుడు నిజంగానే ఇద్దామనుకున్నాడు, అందుకే ఆ మాట రమణకి మరీ గుచ్చుకుంది. నవల రాయడంలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. అన్నాచెల్లెళ్ళ తగువు మనింట్లో వస్తే ఎవరో ఒకరి వైపు చేరిపోతాం, రాసేటప్పుడు మాత్రం ఇద్దరి కడుపులో ఉన్నదీ తెలుస్తుంది, ఇద్దరి మీదా ప్రేమ పుడుతుంది.

ఇంకో సంగతి. “నీకు తెలుసుగా, నాన్న పోయి ఏడాదైంది” అని ఏ చెల్లెలూ అన్నతో అనదు, అది చదివేవాళ్ళ కోసం రచయిత దూర్చిన మాట. అది తెలియాలంటే పెరట్లో ఎత్తకుండా వదిలేసిన విస్తళ్ళు చూపించండి. అసలు అన్నీ ముందే తెలియాలన్న టెన్షన్ కూడా వద్దు. 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ కథ “తలుపు! తలుపు!” అనే కేకతో మొదలవుతుంది. పిలిచేదెవరో, ఎందుకు తలుపు తీయడం లేదో ఆ తర్వాతే తెలుస్తుంది. మనం ఆగి చదివేది ఆ తెలియనితనం వల్లే. “అన్నాడు కోపంగా”, “అంది దిగులుగా” లాంటివి కూడా తీసేసి చూడండి, మాటలో కోపం ఉంటే పక్కన మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఈ వారం పని: మీ ఇద్దరినీ ఒక వస్తువు ముందు కూర్చోబెట్టి, పదిహేను లైన్లు ఆ వస్తువు గురించే మాట్లాడించండి. తర్వాత పైకి చదవండి, నోరు తిరగని చోటల్లా మాట మార్చండి. అది అయ్యాక అదే సంభాషణ రెండోవాళ్ళ వైపు నుంచి ఇంకోసారి రాయండి. రెండు కాగితాలూ దాచుకోండి, అయిదో పాఠంలో కథ ఎవరి కళ్ళతో చెప్పాలో వాటిని పక్కపక్కన పెట్టుకునే తేల్చుకుందాం.