రెండు విమాన సిమ్యులేటర్లు నెట్‌వర్క్‌లో కలుపుతున్నారా? ముందు ఎత్తు చూసుకోండి

నేను మొదటిసారి రెండు సిమ్యులేటర్లు కలిపిన రోజున పక్క గదిలో కొలీగ్ శంషాబాద్ రన్‌వే మీద బ్రేకులు వేసుకుని కూర్చున్నాడు. నా తెర మీద అతని విమానం ఇరవై అంతస్తుల మేడంత ఎత్తులో వేలాడుతోంది. కేబుల్ మార్చాను, స్విచ్ మార్చాను, ఒక పూట పోయింది. పాపం, కేబుల్ ఏ తప్పూ చేయలేదు.

రెండు కాక్‌పిట్ల కోసం హెచ్‌ఎల్‌ఏ (రకరకాల సిమ్యులేటర్లను కలిపే పెద్ద ప్రమాణం) జోలికి పోకండి, అంత సంసారం అక్కర్లేదు. డిఐఎస్ (డిస్ట్రిబ్యూటెడ్ ఇంటరాక్టివ్ సిమ్యులేషన్) చాలు, సిమ్యులేటర్లు నెట్‌వర్క్‌లో మాట్లాడుకునే పద్ధతి అది. 1993లో ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ నుంచి 1278 నంబరుతో వచ్చిన ప్రమాణం. సర్వర్ ఉండదు. ఎవరి విమానం ఎక్కడుందో, ఎటు తిరిగుందో, ఎంత వేగంతో పోతోందో వాళ్లే యూడీపీలో (జవాబు కోసం ఆగకుండా నెట్‌వర్క్‌లో ప్యాకెట్లు పంపే పద్ధతి) చాటేస్తుంటారు.

రెండు మెషీన్లకూ ఒకే పోర్టు (మామూలుగా 3000), ఒకే ఎక్సర్‌సైజ్ నంబరు (ఇద్దరూ ఒకే ఆటలో ఉన్నారని చెప్పేది) ఇవ్వండి. ఎంటిటీ ఐడీలు, అంటే ఒక్కో విమానానికి ఇచ్చే గుర్తింపు నంబర్లు, మాత్రం వేరుగా ఉండాలి. ఆ ఐడీలు ఒకటే అయ్యాయంటే రెండు విమానాలు ఒకటై అటూ ఇటూ గెంతుతాయి. తర్వాత వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్లను చూపించే ప్రోగ్రామ్) తెరవండి. ఆగి ఉన్న విమానం నుంచి 5 సెకన్లకు ఒక్క ప్యాకెట్టే వస్తుంది. టెన్షన్ పడకండి, అది మామూలే. 12 సెకన్లు ఏమీ రాకపోతేనే అవతలివాళ్లు దాన్ని తెర మీంచి తీసేస్తారు.

ఇక నా పూట తినేసిన ఎత్తు సంగతి. శంషాబాద్ సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తు. డిఐఎస్ లెక్కకు కావాల్సింది ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి లెక్కల్లో వాడే నున్నటి గుడ్డు రూపం) మీంచి ఎత్తు. హైదరాబాద్ దగ్గర సముద్రమట్టమే దానికంటే 70 మీటర్లకు పైగా కిందుంటుంది. నేను కొలీగ్ సిమ్యులేటర్ నుంచి 617ని అలాగే పంపించేశాను. నా వైపు ప్రోగ్రామ్ బుద్ధిగా ఆ తేడా కలిపి అతని విమానాన్ని గాల్లో నిలబెట్టింది.

కోణాలతోనూ ఇదే గొడవ. పైలట్ లెక్క ఉత్తరం నుంచి. డిఐఎస్ లెక్క భూమి కేంద్రం అక్షాల నుంచి. మార్చకుండా సున్నాలు పంపితే మన హైదరాబాద్‌లో విమానం పొట్ట ఉత్తరానికి పెట్టి పక్కకి పడుకుంటుంది!

అందుకే ముందు రన్‌వే మీదే ఆపి చూడండి. చక్రాలు నేలకు ఆనాక టేకాఫ్. ఎడమకు 30 డిగ్రీలు వాల్చి, తెర మీద ఎంత కనిపిస్తోందో అవతలివాళ్లను ఫోన్లో చదవమనండి.

మధ్యమధ్యలో విమానం ఎక్కడుందో చూసేవాళ్ల కంప్యూటరే ఊహిస్తుంది. ఊహకూ నిజానికీ మధ్య తేడా ఒక మీటరు దాటితే కొత్త ప్యాకెట్ వెళ్తుంది. రెక్కకు రెక్క ఆనించి ఫార్మేషన్ ఎగరాలంటే ఆ మీటరు కూడా ఎక్కువే. నేనైతే 10 సెంటీమీటర్లకు దించేస్తాను.