అమెరికాలో పుట్టిన పాపాయిని అమ్మమ్మ దగ్గర ఏడాది ఉంచాలంటే కావలసిన కాగితాలు

అమ్మానాన్నలిద్దరివీ ఇండియన్ పాస్‌పోర్టులే అయినా, అమెరికా పాస్‌పోర్టు తీసుకున్న పాపాయి ఇండియా లెక్కలో విదేశీయురాలే. వీసాయో ఓసీఐయో (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా, అంటే విదేశీ పౌరసత్వమున్న మనవాళ్లు ఇండియాలో ఎన్నాళ్లైనా ఉండేందుకు ఇచ్చే కార్డు) లేనిదే విమానం ఎక్కనివ్వరు. అందుకే ముందు ఎన్నాళ్లుంటుందో తేల్చుకోండి. ఈ-టూరిస్టు వీసా మీద అమెరికా పౌరులు ఒక్క విడతలో 180 రోజులకు మించి ఉండకూడదు, పొడిగింపూ లేదు. ఐదేళ్ల వీసా తీసుకుంటే ఐదేళ్లూ ఉండొచ్చనుకుని పొరబడేవాళ్లు చాలామంది. ఆరు నెలలు దాటే ఆలోచన ఉంటే ఓసీఐ చేయించడమే మంచిది.

వరుస ఇది: బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, ఆ తర్వాత ఓసీఐ. ఒకటి చేతికి రాకుండా రెండోది మొదలుకాదు కాబట్టి టికెట్లు ముందే కొనేయకండి.

ఆసుపత్రివాళ్లు పాదముద్రలు వేసి ఇచ్చే ముచ్చటైన కాగితం ఫ్రేము కట్టించుకోవడానికే పనికొస్తుంది. కౌంటీ లేదా రాష్ట్ర కార్యాలయం ఇచ్చిన, తల్లిదండ్రుల పేర్లున్న సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోండి. పాస్‌పోర్టు కోసం ఇచ్చిన కాపీ తిరిగొస్తుంది గానీ, వేరే కవర్లో వేరే రోజున వస్తుంది.

అసలు తంటా మన పేర్లతోనే. చాలా రాష్ట్రాల్లో ఆసుపత్రి ఫారం తల్లికి పెళ్లికి ముందున్న పేరు అడుగుతుంది. అందులో ఇంటిపేరు వేమూరి అని పడి, పాస్‌పోర్టులో కొల్లి అని ఉంటే, చూసేవాళ్లకు ఇద్దరు మనుషుల్లా కనిపిస్తారు. ఆ రెండు పేర్లనూ కలిపేది మ్యారేజ్ సర్టిఫికెట్టే. తండ్రి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో ఉన్న పేరునే సర్‌నేమ్‌గా వేసి, మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని వేస్తారు. ఆ మూడక్షరాలు బర్త్ సర్టిఫికెట్‌లోకి పాకకుండా, ఫారం మీద సంతకం పెట్టేముందే అక్షరం అక్షరం చూసుకోండి. తర్వాత దిద్దించుకోవడం పెద్ద పని.

పాస్‌పోర్టుకు డీఎస్-11 ఫారం నింపండి, సంతకం మాత్రం కౌంటర్‌లో అధికారి ముందే పెట్టాలి. పాపాయితో పాటు తల్లీతండ్రీ ఇద్దరూ వెళ్లాలి. ఒకరు రాలేకపోతే, వాళ్లు డీఎస్-3053 అనే అంగీకార పత్రాన్ని నోటరీ చేయించి, నోటరీకి చూపిన ఐడీకి రెండువైపులా జిరాక్సు జతచేసి పంపాలి. ఫీజు 100 డాలర్లు, కౌంటర్ రుసుము 35 డాలర్లు విడిగా. పదహారేళ్లలోపు పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లే చెల్లుతుంది.

ఫొటోలు రెండు రకాలు తీయాలి. రెండూ రెండంగుళాల చదరమే అయినా, పాస్‌పోర్టుకు వెనక తెలుపు ఉండాలి, ఓసీఐకి తెలుపు కాని లేత రంగు. ఒకే ఫొటో రెంటికీ వాడితే ఒకటి తిరిగొస్తుంది. ఇస్త్రీ చేసిన దుప్పటి పరిచి పాపాయిని వెల్లకిలా పడుకోబెట్టి, పైనుంచి, మొహం మీద నీడ పడకుండా తీయండి. నోట్లో పాలపీక, తల పక్కన అమ్మ చెయ్యి కనిపించకూడదు. పసిపిల్లల కళ్లు పూర్తిగా తెరుచుకోకపోయినా పాస్‌పోర్టుకు ఒప్పుకుంటారు.

ఓసీఐ దరఖాస్తులో సంతకం గడిలో పాపాయి వేలిముద్ర పడుతుంది. స్టాంపుప్యాడ్ సిరా బొటనవేలికి తేలిగ్గా అద్ది, నిద్రలో ఉండగా వేయించండి. మెలకువగా ఉంటే పిడికిలి విప్పదు! తల్లిదండ్రులిద్దరి సంతకాలు, పాస్‌పోర్టు కాపీలు, మ్యారేజ్ సర్టిఫికెట్ జతచేయాలి. ఇరవై ఏళ్లు నిండేదాకా పాస్‌పోర్టు మారినప్పుడల్లా కొత్తదాని కాపీ, ఫొటో మూడు నెలల్లోగా ఓసీఐ వెబ్‌సైట్లో ఎక్కించాలి. దానికి ఫీజు లేదు.

పాపాయిని తీసుకెళ్లేది అమ్మమ్మా తాతయ్యలైతే, ప్రయాణ తేదీలు, ఇండియా చిరునామా, ఫోన్ నంబర్లు రాసి ఇద్దరు తల్లిదండ్రులూ సంతకం చేసిన నోటరీ అనుమతి పత్రం ఇవ్వండి. వైద్యం చేయించే అధికారం కూడా అందులోనే రాయండి. పాస్‌పోర్టు పోయినా, గడువు దగ్గరపడినా హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కు వెళ్లాలి. అప్పుడు డీఎస్-3053 మళ్లీ కావాలి. సంతకం చేసిన మూడు నెలలకే దాని గడువు తీరిపోతుంది గనక, ముందే చేసిపెట్టి అమ్మమ్మ బీరువాలో దాస్తే లాభం లేదు.