మ్యాక్ లేకుండా ఐఫోన్ యాప్: బిల్డ్ ఎక్కడ ఆగితే ఏం చూడాలి

ఐఫోన్ యాప్ తయారు కావాలంటే యాపిల్ వారి ఎక్స్‌కోడ్ అనే పనిముట్టు కావాలి, ఎక్స్‌కోడ్ మ్యాక్ మీద తప్ప నడవదు. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఫ్లట్టర్‌తోనో రియాక్ట్ నేటివ్‌తోనో యాప్ రాసి, ఆండ్రాయిడ్‌లో విడుదల చేసి, "ఐఫోన్‌లో ఎప్పుడు వస్తుంది?" అని అడిగినవారికి జవాబు చెప్పలేక కొన్నాళ్లు ముఖం చాటేసిన వాళ్లలో నేనూ ఒకడిని. తరువాత అర్థమైంది ఏమిటంటే, మొత్తం పనిలో మ్యాక్ అవసరమయ్యేది చివరి కొద్ది నిమిషాలకే, ఆ కొద్ది నిమిషాలకు మ్యాక్ అద్దెకు దొరుకుతుంది. అసలు చిక్కు మరోచోట ఉంది. ఎక్స్‌కోడ్ ముందు కూర్చున్నవారికి సర్టిఫికెట్లు, తాళంచెవులు, ప్రొఫైళ్ల వంటివన్నీ అది చడీచప్పుడు లేకుండా అమర్చిపెడుతుంది, మ్యాక్ లేనివారు అవే పనులను ఒక్కొక్కటిగా తెలిసి చేసుకోవాలి. కింద చెప్పబోయే లోపాలలో ఎక్కువ భాగం అక్కడ పుట్టినవే.

విండోస్‌లో ఐఓఎస్ బిల్డ్ ఆదేశమే కనబడడం లేదు

ఇది మీ ఇన్‌స్టలేషన్ లోపం కాదు. ఫ్లట్టర్ ఐఓఎస్ ఫోల్డర్‌ను విండోస్‌లో కూడా సృష్టిస్తుంది కానీ, ఐఫోన్‌లో ఎక్కించే ఐపీఏ ఫైల్‌ను కట్టే ఆదేశాన్ని మ్యాక్ మీద మాత్రమే చూపిస్తుంది. కాబట్టి కోడ్‌ను గిట్‌లో ఉంచి, బిల్డ్‌ను మాత్రం దూరంగా ఉన్న మ్యాక్ మీద నడిపించాలి. గిట్‌హబ్ యాక్షన్స్, కోడ్‌మ్యాజిక్, రియాక్ట్ నేటివ్ వాడేవారికైతే ఎక్స్‌పో వారి ఈఏఎస్ బిల్డ్ ఈ పని చేస్తాయి. గిట్‌హబ్‌లో పబ్లిక్ రిపాజిటరీకి మ్యాక్ రన్నర్లు, అంటే బిల్డ్ నడిపే దూరపు యంత్రాలు, ఉచితమే. ప్రైవేట్ రిపాజిటరీకి ఉచిత ఖాతాలో నెలకు 2,000 నిమిషాలు ఇస్తారు, అయితే నేను మొదలుపెట్టినప్పటి లెక్క ప్రకారం మ్యాక్ మీద ఒక నిమిషం గడిస్తే 10 నిమిషాలుగా కోసేవారు. అంటే చేతికి వచ్చేది 200 నిమిషాలే, బిల్డ్‌కు పావుగంట పట్టే యాప్‌కు అవి పదమూడు ప్రయత్నాలతో అయిపోతాయి. అందుకే ప్రతి కమిట్‌కూ ఐఓఎస్ బిల్డ్ నడిచేలా పెట్టకుండా, మనం మీట నొక్కినప్పుడే నడిచేలా పెట్టుకోవడం మంచిది.

సొంత పీసీ మీద వర్చువల్ మెషీన్‌లో మ్యాక్‌ఓఎస్ ఎక్కించే దారి కూడా చాలామంది చూపిస్తారు. నేను దానిని సిఫారసు చేయను. మ్యాక్‌ఓఎస్ లైసెన్సు యాపిల్ యంత్రాల మీద మాత్రమే వాడకాన్ని అనుమతిస్తుంది, అది అలా ఉంచినా ప్రతి అప్‌డేట్‌కూ ఏదో ఒకటి విరుగుతూనే ఉంటుంది. పూర్తి మ్యాక్ తెర చూడవలసిన అవసరం పడితే అద్దె మ్యాక్ తీసుకోవచ్చు. అమెజాన్ క్లౌడ్‌లో దానిని కనీసం 24 గంటలకు తీసుకోవలసి ఉంటుంది గనుక, పనులన్నీ ఒక రోజుకు పోగుచేసుకుని వెళ్లాలి. ఐప్యాడ్ ఉన్నవారికి ఇంకో దారి ఉంది. 2021 డిసెంబరులో వచ్చిన స్విఫ్ట్ ప్లేగ్రౌండ్స్ 4 నుంచి, స్విఫ్ట్‌యూఐతో రాసిన చిన్న యాప్‌ను ఐప్యాడ్ నుంచే యాప్ స్టోర్‌కు పంపవచ్చు.

"సైనింగ్ సర్టిఫికెట్ దొరకలేదు" అంటూ బిల్డ్ ఆగిపోతోంది

అందరూ ముందుగా పడే గొయ్యి ఇదే, కాబట్టి కొంచెం నింపాదిగా చూద్దాం. ఏడాదికి 99 డాలర్లు కట్టి డెవలపర్ ప్రోగ్రామ్‌లో చేరాక, యాపిల్ వెబ్‌సైటు నుంచి సర్టిఫికెట్ ఫైల్ దించుకుని, దాన్నే బిల్డ్ సేవకు అప్పగించి, ఇంకా ఏం తక్కువైందో తెలియక తల పట్టుకుంటారు. ఆ ఫైల్‌లో ఉన్నది సగమే. సైనింగ్‌కు, అంటే యాప్ మీదేనని సంతకం చేయడానికి, అసలు కావలసినది ప్రైవేట్ కీ (రహస్య తాళంచెవి), దానిని యాపిల్ ఎన్నడూ ఇవ్వదు. సర్టిఫికెట్ కోసం అభ్యర్థన ఫైల్ తయారు చేసిన కంప్యూటర్‌లోనే అది పుట్టి, అక్కడే ఉండిపోతుంది. మ్యాక్‌లో ఈ జంటను కీచైన్ (తాళంచెవుల ఖజానా) తనంతట తానే కలిపి దాచుకుంటుంది, మనం చేత్తో కలపాలి.

దీనికి కావలసిన ఓపెన్‌ఎస్ఎస్ఎల్, విండోస్ కోసం గిట్ వేసుకున్నవారి గిట్ బాష్‌లో ముందే ఉంటుంది. మొదట 2048 బిట్ల ఆర్ఎస్ఏ కీ సృష్టించాలి. ఆ కీతో అభ్యర్థన ఫైల్ తయారు చేసి, యాపిల్ సైట్‌లో డిస్ట్రిబ్యూషన్ సర్టిఫికెట్ కోసం సమర్పించాలి. అక్కడి నుంచి వచ్చిన ఫైల్ డీఈఆర్ రూపంలో ఉంటుంది గనుక దానిని పీఈఎమ్ రూపంలోకి మార్చి, చివరికి కీనీ సర్టిఫికెట్‌నూ కలిపి పాస్‌వర్డ్ ఉన్న ఒకే పీ12 ఫైల్‌గా కట్టాలి. అభ్యర్థన తయారు చేసేటప్పుడు పేరు, దేశం వంటి వివరాలను ఆదేశంలోనే ఇస్తే, వాలు గీత (/)తో మొదలయ్యే ఆ ముక్కను గిట్ బాష్ ఫైల్ దారి అనుకుని మార్చేస్తుంది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌ను ప్రశ్నలు అడగనిచ్చి జవాబులు టైప్ చేయడమే తేలిక. కీ ఫైల్‌ను మాత్రం పెన్‌డ్రైవ్‌లోనో పాస్‌వర్డ్ మేనేజర్‌లోనో రెండో ప్రతి పెట్టుకోవాలి. అది పోతే సర్టిఫికెట్ ఉన్నా లేనట్టే, కొత్తది తీసుకోవడం తప్ప మార్గం ఉండదు. ఒక ఖాతాకు డిస్ట్రిబ్యూషన్ సర్టిఫికెట్ల సంఖ్యకు పరిమితి ఉన్నందువల్ల, లోపం వచ్చిన ప్రతిసారీ కొత్తది సృష్టించే అలవాటు త్వరలోనే ఇంకో లోపానికి దారితీస్తుంది.

పాస్‌వర్డ్ సరిగ్గానే ఉన్నా, తప్పు అంటోంది

నా శనివారం ఒకటి పూర్తిగా మింగేసిన లోపమిది. పీ12 ఫైల్ విండోస్‌లో బాగానే తెరుచుకుంటుంది, మ్యాక్ రన్నర్ మీద దిగుమతి చేస్తే "మ్యాక్ వెరిఫికేషన్ విఫలమైంది, పాస్‌వర్డ్ తప్పేమో" అన్న సందేశం వస్తుంది. ఇందులోని మ్యాక్ అన్న మాటకు కంప్యూటర్‌తో సంబంధం లేదు, అది ఫైల్ చెక్కుచెదరలేదని రుజువు చేసే సంకేతం పేరు. పాస్‌వర్డ్‌లోనూ తప్పు లేదు. 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3 నుంచి పీ12 ఫైళ్లను కొత్త సంకేత పద్ధతిలో కట్టడం మొదలైంది, మ్యాక్‌లోని దిగుమతి పనిముట్టు ఆ పద్ధతిని అర్థం చేసుకోలేక నేరాన్ని పాస్‌వర్డ్ మీదకు నెడుతుంది. పీ12 కట్టే ఆదేశానికి "లెగసీ" అన్న ఆప్షన్ చేర్చి మళ్లీ కడితే సరిపోతుంది. పాస్‌వర్డ్ ఖాళీగా వదిలినా ఇదే సందేశం రావచ్చు, కాబట్టి ఏదో ఒకటి పెట్టండి.

ఇదే చోట ఇంకొక కారణం కూడా దాగి ఉంటుంది. పీ12ను రిపాజిటరీలో పెట్టకూడదు గనుక, దానిని బేస్64 అక్షరాలుగా మార్చి గిట్‌హబ్ సీక్రెట్స్‌లో దాస్తాం. విండోస్‌లోని సర్ట్‌యుటిల్‌తో మార్చితే, అది ఫైల్ మొదట్లోనూ చివర్లోనూ "బిగిన్ సర్టిఫికెట్", "ఎండ్ సర్టిఫికెట్" అనే గీతల వరుసలు తగిలిస్తుంది, అవతలివైపు విప్పేటప్పుడు ఆ వరుసల వల్ల ఫైల్ పాడవుతుంది. ఆ రెండు వరుసలూ తీసేయాలి, లేదా పవర్‌షెల్‌లోని కన్వర్ట్ పద్ధతితో మార్చుకోవాలి.

సర్టిఫికెట్ ఎక్కింది, కానీ బిల్డ్ సైనింగ్ దగ్గర గంటసేపు కదలదు

మ్యాక్‌లో కొత్త తాళంచెవిని ఏదైనా ప్రోగ్రామ్ తాకబోతే "అనుమతిస్తారా?" అని తెర మీద ఒక పెట్టె తెరుచుకుంటుంది. రన్నర్ మీద ఆ పెట్టెను చూసేవారు ఎవరూ ఉండరు, ప్రోగ్రామ్ జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది, మన నిమిషాలు కరిగిపోతాయి. కొన్నిసార్లు ఇదే లోపం ఎదురుచూపు లేకుండా "ఇంటర్నల్ కాంపొనెంట్" అనే పొడి సందేశంగా బయటపడుతుంది. తాత్కాలిక కీచైన్ ఒకటి సృష్టించి, దాని తాళం తీసి, పీ12ను అందులోకి దిగుమతి చేసిన తరువాత, ఆ కీని యాపిల్ పనిముట్లు అడగకుండానే వాడుకోవచ్చని "సెట్ కీ పార్టిషన్ లిస్ట్" ఆదేశంతో ముందే అనుమతి ఇవ్వాలి. ఈ వరుసలో చివరి మెట్టునే ఎక్కువమంది మరిచిపోతారు. ఏదైనా సరే, బిల్డ్‌కు 30 నిమిషాల గడువు పెట్టి ఉంచితే నష్టం ఆ మేరకే ఆగుతుంది.

ప్రొవిజనింగ్ ప్రొఫైల్ సరిపోలడం లేదు

ప్రొఫైల్ అనేది యాప్ ఐడీ, సర్టిఫికెట్, అనుమతులు, అవసరమైతే ఫోన్ల జాబితా అన్నీ ఒకచోట కట్టిన మూట. లోపలి వాటిలో ఏది మారినా పాత మూట చెల్లదు. సర్టిఫికెట్ ఏటా మారుతుంది, పుష్ నోటిఫికేషన్ కొత్తగా చేర్చితే అనుమతులు మారతాయి, మరొకరి ఫోన్ చేర్చితే జాబితా మారుతుంది. సైట్‌లో మార్చి ఊరుకోకుండా, ప్రొఫైల్‌ను తిరిగి తయారు చేసి, దించుకుని, సీక్రెట్స్‌లో ఉన్న పాతదాని స్థానంలో పెట్టాలి. మూటలో ఏముందో చూడడానికి మ్యాక్ అక్కర్లేదు. ఆ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే, చుట్టూ చెత్త అక్షరాలున్నా మధ్యలో గడువు తేదీ, యాప్ ఐడీ, ఫోన్ల జాబితా మామూలు పాఠంగానే కనబడతాయి. ఊహించుకుంటూ బిల్డ్‌లు తగలేసే ముందు ఈ ఒక్క నిమిషం పని చేయండి.

ఐపీఏ తయారైంది, ఫోన్‌లో మాత్రం ఎక్కదు

"సమగ్రతను నిర్ధారించలేకపోయాం" అన్న అర్థం వచ్చే సందేశం కనబడితే, చాలావరకు ఆ ఫోన్ యూడీఐడీ (ఫోన్ గుర్తింపు సంఖ్య) ప్రొఫైల్‌లో లేదని అర్థం. విండోస్‌లో ఐట్యూన్స్ గానీ యాపిల్ డివైసెస్ యాప్ గానీ తెరిచి, ఫోన్ కలిపి, సీరియల్ నంబరు మీద నొక్కితే యూడీఐడీ కనబడుతుంది. ఇలా జాబితాలోని ఫోన్లకే పంచే యాడ్ హాక్ పద్ధతిలో ఏడాదికి 100 ఐఫోన్లే చేర్చగలం, మధ్యలో ఒకటి తీసేసినా ఆ స్థానం సభ్యత్వం పునరుద్ధరించే దాకా ఖాళీ కాదు. అందుకే మొదటి రోజు నుంచే యాపిల్ వారి పరీక్షా సేవ టెస్ట్‌ఫ్లైట్ వాడమని నా సలహా. దానికి యూడీఐడీలతో పని లేదు, మీ బృందంలోని 100 మంది దాకా సమీక్ష లేకుండానే పరీక్షించవచ్చు, బయటివారైతే 10,000 మంది దాకా అనుమతి ఉంది, కాకపోతే వారికి మొదటి బిల్డ్ పంపే ముందు సమీక్ష జరుగుతుంది. డబ్బు కట్టని ఉచిత యాపిల్ ఐడీతో సైన్ చేసిన యాప్ అయితే 7 రోజులు గడిచాక తెరుచుకోదు, అది లోపం కాదు, నియమం.

విండోస్‌లో నడిచిన స్క్రిప్టు అక్కడ నడవదు, బొమ్మ ఫోన్‌లో కనబడదు

"బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అని వస్తే స్క్రిప్టులో వరుసల చివర విండోస్ గుర్తులు చేరాయని అర్థం. షెల్ స్క్రిప్టులకు ఎప్పుడూ ఎల్ఎఫ్ ముగింపే ఉండాలని గిట్ యాట్రిబ్యూట్స్ ఫైల్‌లో రాయండి. "పర్మిషన్ డినైడ్" అని వస్తే, నడిపే అనుమతి విండోస్ నుంచి చేరలేదు, గిట్‌లోనే ఆ అనుమతిని నమోదు చేయాలి. బొమ్మల సంగతి ఇంకా మాయగా ఉంటుంది. లోగో ఫైల్ పేరులో పెద్ద అక్షరం ఉండి కోడ్‌లో చిన్న అక్షరం రాసినా, విండోస్ పట్టించుకోదు, మామూలు మ్యాక్ డిస్కు కూడా పట్టించుకోదు, ఐఫోన్ మాత్రం పట్టించుకుంటుంది. పేర్లన్నీ చిన్న అక్షరాలలోనే పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

అప్‌లోడ్ దగ్గర అడ్డంకులు, ఆ తరువాత వచ్చే ఉత్తరాలు

అప్‌లోడ్ మధ్యలో ఆరు అంకెల కోడ్ అడిగి ఆగిపోతే, మీరు యాపిల్ ఐడీ, పాస్‌వర్డ్‌లతో లాగిన్ పెట్టారన్నమాట. దాని బదులు యాప్ స్టోర్ కనెక్ట్‌లో ఏపీఐ కీ తీసుకోండి. ఆ పీ8 ఫైల్ ఒక్కసారే దిగుతుంది, రెండోసారి ఇవ్వరు.

ఎక్కిన కొద్దిసేపటికి ఈమెయిల్‌లో సంఖ్యలు వస్తాయి. ఐటీఎంఎస్-90683 అంటే కెమెరా, ఫొటోలు, లొకేషన్ వంటివి ఎందుకు కావాలో యాప్ వివరాల ఫైల్ ఇన్ఫో.పీలిస్ట్‌లో వాక్యం రాయలేదని. మీరు కెమెరా వాడకపోయినా, చేర్చిన ప్యాకేజీ దాన్ని ప్రస్తావిస్తే ఇది వస్తుంది. 90717 అంటే 1024 పిక్సెళ్ల ఐకాన్‌లో పారదర్శకత ఉందని, 90189 అంటే అదే బిల్డ్ నంబరు మళ్లీ పంపారని అర్థం. 90725 పాత ఎస్‌డీకే (ఎక్స్‌కోడ్‌తో వచ్చే పనిముట్ల కట్ట) గురించి. 2025 ఏప్రిల్ 24 నుంచి ఎక్స్‌కోడ్ 16తో గానీ అంతకన్నా కొత్తదానితో గానీ కట్టినవే తీసుకోవడం మొదలుపెట్టారు, ఈ గీత ఎప్పటికప్పుడు ముందుకు జరుగుతుంది. చవకగా దొరికిన పాత మ్యాక్ కొనాలనుకునేవారు, అందులో ఏ ఎక్స్‌కోడ్ నడుస్తుందో ముందు చూసుకోవాలి. టెస్ట్‌ఫ్లైట్‌లో బిల్డ్ "మిస్సింగ్ కంప్లయన్స్" అని పసుపు గుర్తుతో నిలిచిపోతే, అది ఎన్‌క్రిప్షన్ గురించిన ప్రశ్న. మామూలు హెచ్‌టీటీపీఎస్ తప్ప వేరే ఏదీ వాడనివారు, మినహాయింపు లేని ఎన్‌క్రిప్షన్ వాడడం లేదని ఇన్ఫో.పీలిస్ట్‌లో ఒకసారి రాసి పెడితే మళ్లీ అడగదు.

తెరవగానే మూతపడుతోంది, కన్సోల్ లేదు

మ్యాక్ లేనందుకు నిజంగా బాధ కలిగేది ఇక్కడే, అయినా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ విభాగం కింద అనలిటిక్స్ డేటాలో మీ యాప్ పేరుతో క్రాష్ నివేదిక ఉంటుంది, దానిని మీకే పంపుకోవచ్చు. ప్రత్యక్షంగా లాగ్ చూడాలంటే లిబ్‌ఐమొబైల్‌డివైస్ పనిముట్లలోని ఐడివైస్‌సిస్‌లాగ్ విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. కెమెరా మీట నొక్కగానే మూతపడితే ముందుగా పైన చెప్పిన ఇన్ఫో.పీలిస్ట్ వాక్యాన్ని అనుమానించండి.

నివేదికలో ఫంక్షన్ల పేర్లకు బదులు అంకెలే కనబడితే, వాటిని పేర్లుగా మార్చే ఆ బిల్డ్ డీసిమ్ ఫైళ్లు కావాలి. బిల్డ్ ముగియగానే రన్నర్‌ను తుడిచేస్తారు, దానితోపాటు ఆ ఫైళ్లూ పోతాయి. ఈ సంగతి నాకు ఒక యాప్ స్టోర్‌లోకి వెళ్లిపోయాక తెలిసింది. ప్రతి బిల్డ్‌లోనూ వాటిని బిల్డ్ నంబరు పేరుతో ఆర్టిఫాక్ట్‌గా దాచండి. గిట్‌హబ్ వాటిని సాధారణంగా 90 రోజులే ఉంచుతుంది కాబట్టి, స్టోర్‌కు వెళ్లిన బిల్డ్ ఫైళ్లను దించుకుని వేరే చోట కూడా పెట్టుకోవాలి.