బరంపురం నుంచి ఒక్క రోజులో: రంభ రాజభవనం, గంజాం కోట, గోపాలపురం తీరం

ఒడిశాలోని బరంపురం నుంచి కారు మాట్లాడుకుని ఒక్క రోజులో రాజభవనాలూ సముద్రతీరమూ చూడాలనుకునేవారు మొదట తేల్చుకోవలసింది ఎటువైపు వెళ్ళాలన్నది. ఒక వైపు గంజాం, రంభ, గోపాలపురం దగ్గర దగ్గరగా ఉన్నాయి. మరో వైపు, ఆంధ్ర సరిహద్దు దాటి మళ్ళీ ఒడిశాలోకి వస్తే, పర్లాకిమిడి ఉంది. రెండు వైపులనూ ఒకే రోజులో చూపిస్తామని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. ఆ రోజంతా జాతీయ రహదారి మీద లారీలను చూడటంతోనే గడిచిపోతుంది. మొదటిసారి వచ్చేవారికి, ముఖ్యంగా పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చేవారికి, నా సలహా రంభ దారే.

ఈ చుట్టు ప్రయాణం నూరు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అందువల్ల ఎనిమిది గంటలు, ఎనభై కిలోమీటర్ల ప్యాకేజీ దీనికి చాలదు. రోజు మొత్తానికి మాట్లాడుకుని, టోలు, పార్కింగు, డ్రైవరు బత్తా అందులో కలిశాయో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. రంభను ఆనుకుని ఉన్న చిలికా సరస్సుకు వలస పక్షులు వచ్చేదీ అప్పుడే. అక్టోబరులో మాత్రం వాతావరణ సూచన చూడకుండా డబ్బు కట్టవద్దు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది గోపాలపురం దగ్గరే.

తెల్లవారుజామున ఆరింటికల్లా బయలుదేరితే సుమారు గంటలో రంభ చేరవచ్చు. అక్కడ ముందు పడవ, తరువాతే భవనం. పొద్దెక్కేకొద్దీ సరస్సు మీద గాలి పెరుగుతుంది కనుక పక్షులు చూడటానికీ, నీళ్ళంటే భయపడేవారికీ ఉదయమే మంచిది. పడవ మొత్తానికి ధర మాట్లాడుకుని, లైఫ్ జాకెట్లు ఇచ్చిన తరువాతే ఎక్కండి. బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ అనే చిన్న దీవి మీద ఖల్లికోట రాజుల కాలపు కట్టడం శిథిలాలున్నాయి.

రంభ రాజభవనాన్ని 18వ శతాబ్దం చివరలో ఈస్టిండియా కంపెనీ అధికారి థామస్ స్నాడ్‌గ్రాస్ కట్టించాడు. జిల్లా సొమ్మును ఇష్టం వచ్చినట్టు ఖర్చుపెట్టాడని కంపెనీ ఆయనను ఉద్యోగం నుంచి తీసేసిందనీ, పింఛను ఇవ్వకపోయేసరికి ఆయన లండన్‌లో కంపెనీ కార్యాలయం ఎదుట చీపురు పట్టి వీధి ఊడ్చి, దొరలను సిగ్గుపడేలా చేసి పింఛను రాబట్టుకున్నాడనీ ఒక కథ ఉంది. నిజం ఎంతైనా, భవనాన్ని చూసిన తరువాత ఖర్చు సంగతి మాత్రం నమ్మబుద్ధి అవుతుంది. తరువాత అది ఖల్లికోట రాజుల చేతికి వచ్చింది. ఇప్పుడు హోటలుగా నడుస్తోంది కాబట్టి టికెట్టు కొని తిరిగి చూసే మ్యూజియం వంటిది కాదు. ముందు రోజే ఫోను చేసి, ఫలహారానికో భోజనానికో వస్తామని చెప్పి వెళ్ళడం మర్యాద.

తిరుగుదారిలో గంజాం ఊరి దగ్గర ఋషికుల్య ఒడ్డున పొటాగఢ్ కోట ఉంది. ఈస్టిండియా కంపెనీ అధికారి ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ 1768లో నక్షత్రాకారంలో కట్టించిన కోట ఇది. అరగంట చాలు, చెప్పులు కాక బూట్లు వేసుకోండి.

గోపాలపురానికి మధ్యాహ్నం మూడు గంటల తరువాత చేరేలా చూసుకోండి. మిట్టమధ్యాహ్నపు ఇసుక మీద చేసేదేమీ లేదు. దీపస్తంభం పైకి సందర్శకులను సాయంత్రం కొంతసేపే వెళ్ళనిస్తారు కనుక ముందు అది చూసి, ఆ తరువాత తీరం వెంట నడవాలి. ఒకప్పుడు ఈ రేవు నుంచి రంగూనుకు ఓడలు వెళ్ళేవి. ఆ రోజుల గోడలు కొన్ని ఇప్పటికీ శిథిలాలుగా నిలిచి ఉన్నాయి. ఇక్కడి మత్స్యకారులలో చాలామందికి ఇంటిభాష తెలుగే. ఒడియాలో వీరిని నోలియాలంటారు. సముద్రం ఒడ్డుకు దగ్గరలోనే ఒక్కసారిగా లోతెక్కుతుంది కాబట్టి, ఎక్కడ దిగవచ్చో హోటలు వారినికాక వీరిని అడగండి. వద్దంటే మోకాలి లోతు నీళ్ళలో కూడా దిగకండి.

పర్లాకిమిడికి వేరే రోజు కేటాయించండి. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న గజపతుల కోటకు నమూనా గీసినవాడు రాబర్ట్ చిజమ్. 1937లో ఒరిస్సాకు మొదటి ప్రధానమంత్రి (రాష్ట్ర ప్రభుత్వాధినేతను అప్పట్లో అలా పిలిచేవారు) అయిన కృష్ణచంద్ర గజపతిది ఈ వంశమే. గిడుగు రామమూర్తి ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర భాషను అధ్యయనం చేసిందీ ఈ ఊళ్ళోనే కనుక తెలుగువారికి కోటతో పాటు ఊరూ చూడదగినదే. అయితే కోట ప్రైవేటు ఆస్తి. గేటు దగ్గర అనుమతి అడిగి, కాదంటే బయటి నుంచి చూసి రావాలి. ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రలో ప్రవేశించి, టెక్కలి, పాతపట్నం మీదుగా వెళ్ళే దారి ఇది. కాబట్టి కారుకు ఆలిండియా టూరిస్టు పర్మిట్ ఉందో లేదో బయానా ఇవ్వకముందే చూడండి. మధ్యాహ్నం రెండింటికల్లా పర్లాకిమిడి వదిలితే చీకటి పడేలోపు బహుదా నది సముద్రంలో కలిసే సోనాపురం తీరాన కాసేపు ఆగవచ్చు. ఆలస్యమైతే ఆ ఆలోచన మాని నేరుగా బరంపురం చేరుకోండి.