పాత రాతి చర్చి చరిత్రను రాయదలచినవారికి

వలస పాలన కాలం నాటి రాతి చర్చి చరిత్రను రాయదలచినవారు మొదట మూడు తేదీలను వేరు చేసుకోవాలి: అక్కడ క్రైస్తవ విశ్వాసుల సంఘం ఏర్పడిన సంవత్సరం, మందిరానికి పునాదిరాయి వేసిన రోజు, ప్రతిష్ఠ జరిగిన రోజు. ఈ మూడింటినీ కలిపేయడం వల్లనే తప్పుడు తేదీలు తరచుగా ప్రచారంలోకి వస్తాయి. ఉదాహరణకు, మెదక్ కెథడ్రల్ నిర్మాణం 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠతో ముగిసింది. దానిని కట్టించిన చార్లెస్ వాకర్ పోస్నెట్ మాత్రం అంతకు చాలా ఏళ్ల ముందే అక్కడ మిషన్ పనిలో ఉన్నారు.

తరువాత పునాది ఫలకాన్నీ, స్మారక ఫలకాలనూ, గంట మీది పోత అక్షరాలనూ, సమాధులనూ చదవాలి. అరిగిన అక్షరాలను సుద్దతో గానీ ఆమ్లంతో గానీ రుద్దకూడదు. ఉదయపు ఏటవాలు ఎండలో ఫొటో తీస్తే అవే తేటపడతాయి. గంట మీది సంవత్సరం గంటదే గాని గోడలది కాదని గుర్తుంచుకోవాలి.

అసలైన సంపద బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లలో ఉంటుంది. గవర్నర్ల పేర్లు ఫలకాలకెక్కాయి. సంఘాన్ని నిలబెట్టిన సామాన్యుల పేర్లూ, ఊళ్లూ, వృత్తులూ ఈ పుటల్లోనే దొరుకుతాయి కనుక, పాస్టరుగారికి ముందుగా లేఖ రాసి, అనుమతి పొంది, పొడి చేతులతో ఒక్కొక్క పుటనూ తిప్పుతూ ఓపికగా చూడాలి. మద్రాసు ప్రెసిడెన్సీలోని ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘపు) చర్చిల రిజిస్టర్ల నకళ్లు లండన్‌కు వెళ్లేవి. అవి నేడు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డులలో ఎన్/2 వరుసలో ఉన్నాయి. పలు ప్రొటెస్టెంట్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా (సీఎస్ఐ) 1947 సెప్టెంబరు 27న ఏర్పడ్డాయి కాబట్టి, అంతకు ముందటి కాగితాలను పాత మిషన్ పేరుతోనే వెదకాలి. వెస్లియన్ (మెథడిస్టు) మిషన్, లండన్ మిషన్ పత్రాలు లండన్‌లోని సోయాస్ (ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల విద్యాసంస్థ) గ్రంథాలయంలో ఉన్నాయి.

జనశ్రుతిని కొట్టిపారేయకుండా పరీక్షించాలి. మెదక్ గోపురం చార్మినార్‌ను మించిందని నిజాం అభ్యంతరపడ్డారనే కథ ఉంది; గోపురం ఎత్తు 175 అడుగులు, అంటే సుమారు 53 మీటర్లు, చార్మినార్ సుమారు 56 మీటర్లు. కథ నిలవకపోయినా, ఆ కట్టడాన్ని ప్రజలు ఎంత ఘనంగా తలచారో అది చెబుతుంది. కరవులో కూలి కల్పించడానికే మందిరం కట్టారనే మాటను మిషన్ వార్షిక నివేదికలతోనూ, దొరికితే కూలి లెక్కలతోనూ సరిచూడాలి. రాళ్లు చెక్కినవారి పేర్లు కనబడే అవకాశం ఉన్నది కూడా ఆ లెక్కలలోనే. కనబడిన ప్రతి పేరునూ రాసుకోవాలి. పెద్దలు చెప్పిన సంగతి పక్కన చెప్పినవారి పేరునూ, తేదీనీ చేర్చి, ఒక ప్రతిని చర్చి కార్యాలయానికి అందజేయాలి.